16 ఏళ్లుగా కడుతున్న మాల ఇక వద్దన్నారు. మనసుపెట్టి చేసిన సేవ దేవుడికి గుర్తుంటుందా?

తులసికోట
మాది గోదావరి గట్టు పక్క చిన్న ఊరు. ఊళ్లో వెంకన్నబాబు గుడి ఉంది. 16 ఏళ్లుగా మూలవిరాట్టుకి రోజూ మాల కట్టేది నేనే. నన్నెవరూ నియమించలేదు, పైసా ఎవరూ ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. తెల్లారుజామున నాలుగున్నరకి లేచి తలస్నానం చేసి, మా దొడ్లో నందివర్ధనాలు, ముద్దమందారాలు, పక్కింటి పిన్నిగారి దొడ్లో పచ్చగన్నేరులు కోసుకొచ్చి, మధ్యమధ్య తులసి, మరువం చేర్చి అరటినారతో కట్టేదాన్ని. ఆరింటికల్లా పూజారిగారి చేతికి అందాలి. నాకు కుదరని ఆ నాలుగు రోజులూ మా అత్తగారు కట్టేవారు. ఆవిడ పోయాక మా అమ్మాయి కట్టేది.

మూడేళ్ల కిందట మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి ఇప్పటికీ సరిగ్గా లేవదు. ఆయనతో ఆస్పత్రిలో ఉన్న 11 రోజులు తప్ప మా ఇంటి మాల ఆగలేదు.

పోయిన నెల గుడి వార్షికోత్సవం జరిగింది. పట్నంలో స్థిరపడిన మా ఊరాయన ఒకరు ఇకనుంచి రోజూ పూలఖర్చు తానే భరిస్తానన్నారు. కడియం నుంచి వ్యాన్‌లో మాలలు వచ్చేలా ఏర్పాటు చేశారు. గజమాలల్లాంటివి, చామంతి, గులాబీ, లిల్లీ అన్నీ కలిపి. ఆయనకి శాలువా కప్పారు, మండపం గోడకి పేరు చెక్కిన రాయి పెట్టారు. సంతోషమే. ఆ సాయంత్రమే కమిటీ అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చి "రేపట్నుంచి మీరు శ్రమపడక్కర్లేదమ్మా" అన్నాడు.

శ్రమ అన్నాడు. ఆ మాట పది రోజులుగా గొంతులో అడ్డం పడి ఉంది. శాలువా కప్పలేదని కాదు నా బాధ. మనసుపెట్టి చేసిన సేవకి స్వామి తప్పకుండా ఫలితం ఇస్తాడని చిన్నప్పట్నుంచీ విన్నాను. నాకిచ్చిన ఫలితం ఇదా? నా మాల ఆయనకి అక్కర్లేకపోయిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు_శీను
అక్కా, లెక్కేస్తే మీ ఇంటి నుంచి దగ్గరదగ్గర 5,800 మాలలు. రాయి మీద పేరు ఎండకీ వానకీ అరిగిపోతుంది. ఇవన్నీ ఆయన మెడలో పడ్డాయి కదా. దేవుడి దగ్గర లెక్క తప్పదు.

సుబ్బు_బాపట్ల
శీను చెప్పింది బాగానే ఉంది గానీ, ఇక్కడ తప్పు చేసింది కమిటీ. దేవుణ్ణి మధ్యలోకి లాగొద్దు. 16 ఏళ్లు చేసిన మనిషిని కూర్చోబెట్టి ఒక మాట అడగాలా వద్దా? వెళ్లి అడగండమ్మా. "దేవుడే చూసుకుంటాడు" అని మనం నోరు మూసుకోబట్టే ఊళ్లల్లో గుళ్లు ఇలా అవుతున్నాయి.

మిరియాలగూడ_మాస్టారు
అమ్మా, గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం మీకు తెలియనిది కాదు. పని మీదే అధికారం, ఫలితం మీద లేదు. ఫలితం కోసం ఎదురుచూసినప్పుడే దుఃఖం మొదలవుతుంది. మాల కట్టడం వరకే మీ వంతు. అది ఎవరి మెడలో పడిందీ, ఎన్నాళ్లు పడిందీ ఆయన ఇష్టం.

వరంగల్_రాధ
మాస్టారూ, మీరంటే గౌరవం ఉన్నది. కానీ ఆ ఒక్క శ్లోకం చెప్పి అందరి నోర్లు మూయిస్తరు. దుఃఖంల ఉన్న మనిషికి చెప్పేటి మాటనా అది?

మా అమ్మ మా వాడకట్టుల ఉన్న శివాలయం 30 ఏండ్లు ఊడ్చింది. పొద్దున ఊడ్చి, సాంపి జల్లి, ముగ్గేసి వస్తే గానీ చాయ తాగకపోయేది. సందెకాడ దీపం కూడ ఆమెనే పెడుతుండె. ఆమెకు గర్భసంచి క్యాన్సర్ వచ్చింది. 14 నెలలు నరకం చూసింది. ఆఖరికి నీళ్లు కూడ దిగలేదు. "స్వామి నాకేం జేసిండు బిడ్డా" అని ఒక్కనాడు కూడ అనలేదు. ఆమె అనలేదు గానీ నేను అంటున్న. ఎప్పటిసంది అంటున్న. ఫలితం ఉంటదని చెప్పేటోళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలె.

పాలకొల్లు_శీను
రాధక్కా... ఏం రాయాలో తెలీట్లేదు.

ఆకాశగంగ
రాధగారూ, మీ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఉందని చెప్పినవాళ్లని నేనైతే నమ్మను.

తులసికోట గారు అడిగినదానికి మాత్రం ఒక కథ చెప్పాలనిపిస్తోంది. మా నాన్నగారు వైష్ణవ సంప్రదాయంలో పెరిగినవారు, ఆయన దగ్గర విన్నది. తిరుకచ్చినంబి అని రామానుజుల కాలంలో ఒక భక్తుడు. ఊరు మద్రాసు దగ్గర పూవిరుందవల్లి, ఇప్పటి పూనమల్లి. పూలతోట పెంచి, ఆ పూలు కంచి వరదరాజస్వామికి మోసుకెళ్లేవాడు. తర్వాత అక్కడే ఉండి స్వామికి ఆలవట్టంతో, అంటే పెద్ద విసనకర్రతో, విసిరేవాడు. అంతే ఆయన సేవ. వేదం చదివినవాడు కాదు, పుట్టుకతో బ్రాహ్మణుడు కాదు. అయినా గర్భగుడిలో ఎవరూ లేని వేళ వరదుడు ఆయనతో మాట్లాడేవాడట. రామానుజులకి సందేహాలొస్తే "మీరు స్వామిని అడిగి చెప్పండి" అని ఈయన్నే పంపారు.

ఒకరోజు నంబి అడిగాడట, స్వామీ, ఇన్నేళ్లు విసిరాను, నాకు మోక్షం ఇస్తావా అని. వరదుడు ఏమన్నాడో తెలుసా? నువ్వు విసిరావు, నేను మాట్లాడాను, దానికీ దీనికీ సరిపోయింది అన్నాడట. మోక్షం కావాలంటే ఒక గురువుని ఆశ్రయించి ఆయన సేవ చెయ్యమన్నాడు.

చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు కోపం వచ్చేది. అంత సేవ చేస్తే ఇంత నిక్కచ్చిగా లెక్క చెబుతాడా అని. పెద్దయ్యాక నాన్నగారు ఇంకోసారి చెప్పినప్పుడు అర్థమైంది. జీతం ఎప్పటికప్పుడు ముట్టింది. విసురుతున్నంతసేపూ అందుతూనే ఉంది.

తులసికోట గారూ, ఒక్కటి అడుగుతాను. మాల కట్టేటప్పుడు మీరు స్వామితో మాట్లాడేవారా?

డల్లాస్_ప్రసాద్
నేను కొంచెం సిగ్గుపడుతూ రాస్తున్నాను. ఇక్కడి గుడి వంటింట్లో తొమ్మిదేళ్లుగా శనివారాలు పులిహోర కలుపుతాను. మొదట్లో భక్తి కాదు. ఉద్యోగం పోయింది, వీసాకి 60 రోజుల గడువు. గుళ్లో సేవ చేస్తే దారి దొరుకుతుందని ఎవరో చెబితే వెళ్లాను. 52వ రోజు ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత మానేద్దామనుకున్నాను కానీ కాళ్లు అటే వెళ్లాయి. ఇప్పుడు ఏమీ అడగను. కానీ మొదలుపెట్టింది అడగడానికే. నాది స్వచ్ఛమైన సేవ కిందికి వస్తుందా?

మిరియాలగూడ_మాస్టారు
ప్రసాద్ గారూ, భాగవతం సప్తమ స్కంధంలో నరసింహస్వామి వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు ఏమన్నాడో చూడండి. ప్రతిఫలం ఆశించి సేవించేవాడు సేవకుడు కాదు, వర్తకుడు అన్నాడు. మీ మొదటి 52 రోజులూ వర్తకమే. తర్వాతవి సేవ.

డల్లాస్_ప్రసాద్
సరే మాస్టారూ. నిజమే అయ్యుంటుంది. మనసు కాస్త చివుక్కుమంది, అంతే.

ఆకాశగంగ
మాస్టారూ, ప్రహ్లాదుడి మాట ప్రహ్లాదుడి ఎత్తులో ఉన్నవాడికి చెల్లుతుంది. మీరు చెప్పిన గీతలోనే ఏడో అధ్యాయం చూడండి. నన్ను నాలుగు రకాలవాళ్లు కొలుస్తారన్నాడు. ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదైనా కావాలనుకునేవాడు, జ్ఞాని. జ్ఞాని నాకు ఆత్మ వంటివాడంటూనే, "ఉదారాః సర్వ ఏవైతే" అన్నాడు. అందరూ ఉదారులే అని. అడగడానికొచ్చినవాణ్ణి వర్తకుడని ఆయన గెంటెయ్యలేదు. ప్రసాద్ గారు 60 రోజుల గడువు పెట్టుకుని ఆయన వంటింట్లోకి వెళ్లారు, అక్కడే తొమ్మిదేళ్లుండిపోయారు. ఇందులో గెలిచింది ఎవరంటారు?

మిరియాలగూడ_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. ప్రసాద్ గారూ, మాట కటువుగా పడింది, మనసులో పెట్టుకోకండి.

రాజమండ్రి_జాన్
మాది క్రైస్తవ కుటుంబం. ఈ చర్చలో రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. మా నాన్న మా చర్చిలో గంట కొట్టేవారు, బల్లలు తుడిచేవారు. జీతం నామమాత్రం. పాస్టర్లు ఆరుగురు మారారు, నాన్న మారలేదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన ఒక ఉపమానం ఉంది. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే కొందరిని దేనారానికి కూలికి పిలుస్తాడు. మధ్యాహ్నం కొందరిని, సాయంత్రం గంటే మిగిలి ఉందనగా మరికొందరిని. చివరికి అందరికీ తలా ఒక దేనారమే ఇస్తాడు. పొద్దుట్నుంచీ ఎండలో పనిచేసినవాళ్లు సణుగుతారు. నీకు ఇస్తానన్నది ఇచ్చాను, నేను మంచివాణ్ణయినందుకు నీకు కడుపుమంటా అంటాడు యజమాని.

తులసికోట గారూ, తప్పుగా అనుకోకండి. పూలకి డబ్బు కట్టినాయన సాయంత్రం వచ్చిన కూలీ కావచ్చు. ఆయన మనసు కూడా నిజమైనదే కావచ్చు కదా.

వరంగల్_రాధ
జాన్ అన్నా, పొద్దుగాల వచ్చిన కూలోళ్లను తోటల నుంచి వెళ్లగొట్టలేదు గదా ఆ యజమాని. ఇక్కడ అక్కను వెళ్లగొట్టిన్రు.

రాజమండ్రి_జాన్
అది నిజం. ఆ మాట నాకు తట్టలేదు, రాధగారూ.

సుబ్బు_బాపట్ల
దాత మీద కోపం వద్దు, జాన్ గారు చెప్పింది అక్కడికి సరే. 1984లో మా గుంటూరు నుంచి ఒక ముస్లిం భక్తుడు తిరుమల స్వామికి 108 బంగారు పూలు సమర్పించుకున్నాడు. ఇవాళ్టికీ అష్టదళ పాదపద్మారాధన ఆ పూలతోనే. డబ్బున్నవాడి భక్తి కూడా భక్తే. నా గొడవంతా చెప్పాపెట్టకుండా పక్కకి తప్పించినవాళ్లతో.

ఆకాశగంగ
సుబ్బుగారు బంగారు పూలు అనగానే కుమ్మరి భీముడు గుర్తొచ్చాడు. తొండమాను చక్రవర్తి రోజూ తిరుమల స్వామికి బంగారు పూలతో పూజ చేస్తే, మర్నాటికి వాటి స్థానంలో మట్టి పూలు కనిపించేవట. ఎక్కడివి స్వామీ అంటే, కురువ ఊళ్లో ఒక కుమ్మరి ఉన్నాడు, పని చేసుకుంటూ చేతికంటిన మట్టితోనే పూలు చేసి ఇంట్లో నా బొమ్మకి పెడతాడు, అవి ఇక్కడికొస్తున్నాయి అన్నాడట. ఇవాళ్టికీ స్వామి సన్నిధి గడప దాటి లోపలికి వెళ్లే నైవేద్యం సగం పగిలిన కొత్త మట్టికుండలోని పెరుగన్నమే. ఎన్ని బంగారు పళ్లేలున్నా అది మాత్రం ఓటికుండలోనే.

అన్నమయ్య "కొండలలో నెలకొన్న" కీర్తన మనందరికీ నోటికొచ్చు. దాన్ని ఒకసారి ఈ కోణంలో వినండి. అది మొత్తం సేవకులకి స్వామి ఇచ్చినవాటి జాబితా. కుమ్మరికి అడిగిన వరాలిచ్చాడు. చక్రవర్తి రమ్మన్నచోటికి వెళ్లాడు. అనంతాళ్వారుకి మన్ను మోశాడు. స్వామికి నీళ్లు మోసిన తిరుమలనంబితో రోజూ కబుర్లాడాడు. తిరుకచ్చినంబిని దగ్గరికి పిలిపించుకున్నాడు. ఒక్కడికీ ధనమూ పదవీ ఇచ్చినట్టు లేదు. వాళ్ల పనిలో తనూ ఒక చెయ్యి వేశాడు, వాళ్లతో మాట్లాడాడు.

నిజాంపేట_నాని
అనంతాళ్వారంటే మహాద్వారం దగ్గర కుడివైపు గోడకి వేలాడుతున్న గునపం ఆయనదేనా? ప్రతిసారీ చూస్తాను, కథ సరిగ్గా తెలీదు.

ఆకాశగంగ
ఆయనదే నానీ. శ్రీరంగంలో రామానుజులు పాఠం చెబుతూ, తిరుమలలో స్వామికి పూలసేవ చేసేందుకు ఎవరు వెళతారు అని అడిగారట. అప్పట్లో కొండంటే అడవి, చలి, జ్వరాలు. ఎవరూ లేవలేదు. అనంతాళ్వారు ఒక్కడే లేచాడు. కొండ మీద తోట వేశాడు. తోటకి నీళ్ల కోసం భార్యాభర్తలిద్దరే చెరువు తవ్వారు, ఆవిడ అప్పుడు నిండు చూలాలు. ఒక కుర్రాడొచ్చి మట్టితట్ట అందుకోబోయాడు. గురువు అప్పగించిన పనిలో ఇంకొకరికి పాలేమిటని ఆయన వద్దన్నాడు. వినకుండా ఆవిడకి చాటుగా సాయం చేస్తుంటే కోపమొచ్చి గునపం విసిరాడు. గడ్డానికి తగిలింది. గుళ్లో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. ఇవాళ్టికీ గడ్డం మీద పచ్చకర్పూరం పెట్టేది అందుకే.

తులసికోట గారికి చెప్పాల్సిన కథ ఇంకొకటుంది. ఒకనాడు అనంతాళ్వారు మాల కడుతున్నాడు. స్వామి రమ్మని కబురు పంపాడు. రాలేదు. మాల పూర్తిచేసి తీరిగ్గా వచ్చాడు. పిలిస్తే రావా అంటే, పూలు విచ్చుకునే వేళ, మాల ఆపి నీ దగ్గరికొచ్చి నాకేం పని అన్నాడట. కొండ దిగిపొమ్మంటే ఏం చేస్తావు అన్నాడు స్వామి. దిగిపొమ్మనడానికి నువ్వెవరు, నువ్వూ వరాహస్వామి దగ్గర చోటడిగి వచ్చినవాడివే, నాకంటే కాస్త ముందొచ్చావు, నన్ను ఇక్కడికి పంపింది మా గురువు అన్నాడట.

సాక్షాత్తూ స్వామి పొమ్మన్నా పోనన్నాడు. నేనైతే సుబ్బుగారి పక్షమే తులసికోట గారూ. మీ సేవని మీరు అడిగి తీసుకోండి. అది అహంకారం కిందికి రాదు.

సుబ్బు_బాపట్ల
అదీ మాట! గునపం మాత్రం తీసుకెళ్లకండమ్మా.

భద్రాద్రి_లక్ష్మి
మా భద్రాచలం ఊసు లేకుండా ఈ చర్చ ఎట్లా పూర్తవుతుంది. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి రాముడికి గుడి కట్టాడు. గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు మగ్గాడు. సేవకి ఫలితం అదీ! నీకు ఇది చేయించాను, అది చేయించాను అని రాముణ్ణి ఒక్కో నగ పేరూ ఎత్తి నిలదీశాడు. తిట్టి, మళ్లీ దెబ్బలకి ఓర్వలేక తిట్టానయ్యా అని ఏడ్చాడు. అంతటి రామదాసే అడిగాడు, తులసికోట అక్క అడిగితే తప్పేంటి, రాధ అడిగితే తప్పేంటి?

చివరికి రామలక్ష్మణులు వచ్చి ఆరు లక్షలూ చెల్లించి రసీదు తీసుకెళ్లారంటారు. ఆ దర్శనం ఎవరికైంది? తానీషాకి. గుడి కట్టినవాడికి రసీదే మిగిలింది. నాకు ఇది చిన్నప్పట్నుంచీ అర్థం కాని విషయం, ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో మాట. రామదాసు కంటే ముందు దమ్మక్క ఉంది. పోకల దమ్మక్క, గిరిజన స్త్రీ. పుట్టలో ఉన్న రాముణ్ణి మొదట చూసింది ఆమెనే. తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది. గోపన్నకి చూపించింది కూడా ఆమెనే అంటారు. రాతిగుడి వచ్చాక పందిరి పోయింది. కానీ మా ఊళ్లో దమ్మక్క పేరు ఎత్తకుండా రాముడి కథ చెప్పరు.

మిరియాలగూడ_మాస్టారు
లక్ష్మిగారి మాటకి ఒకటి కలుపుతాను. మొదట్లో రాసినదానికి ఇది సవరణ అనుకోండి. వాల్మీకి యుద్ధకాండ మొదటి సర్గలో, సీత జాడ తెచ్చిన హనుమంతుడికి ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని రాముడు బాధపడతాడు. ఈ కౌగిలే నా సర్వస్వం అని కౌగిలించుకుంటాడు. ఉత్తరకాండలో ఇంకా విచిత్రమైన మాట అంటాడు. నువ్వు చేసిన ఉపకారం నాలోనే జీర్ణమైపోవాలి, ఎందుకంటే ఆపద వచ్చినవాడికే ప్రత్యుపకారం అవసరం పడుతుంది అని. అంటే నీకు బదులు తీర్చే రోజు రాకూడదు, నీకు ఆపదే రాకూడదు, ఈ రుణం ఇలాగే ఉండిపోనీ అని. 40 ఏళ్లు పాఠం చెప్పాను, ఫలితం మాటెత్తితే 47వ శ్లోకమే నోటికొచ్చేది. రాధమ్మ కోప్పడ్డాక రాత్రి ఇది తీసి మళ్లీ చదివాను.

వరంగల్_రాధ
మాస్టారూ, నేను కోపంల అన్న. ఏమనుకోకున్రి.

ఒకటి చెప్పాలె. అమ్మ పోయినంక ఆమె నూనె సీసా, వత్తుల డబ్బా నా దగ్గరనే ఉన్నయ్. నాలుగేండ్లాయె. ముట్టలేదు. ఆకాశగంగ గారు అడిగిన్రు గదా, మాట్లాడేదా అని. మా అమ్మ ఊడుసుకుంట మాట్లాడుతుండె. శివునితోని. మా నాయినతోని ఎన్నడు అన్ని మాటలు మాట్లాడలే. చిన్నప్పుడు వెంట పోతే వినపడేది, "ఇగో, నిన్న పిల్లకు జరమొచ్చింది, జర చూడు" అని. ఇంట్లోళ్లకు చెప్పినట్టే. దవాఖానల గూడ పెదవులు కదులుతుండె. నొప్పికి అనుకున్న నేను.

పాలకొల్లు_శీను
తులసికోట అక్క నాలుగు రోజులుగా కనిపించట్లేదు. అక్కా, ఉన్నారా?

తులసికోట
ఉన్నాను తమ్ముడూ. అందరివీ చదివాను, రెండుసార్లు చదివాను. రాధా, మీ అమ్మగారి గురించి చదివి పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

ఆకాశగంగ గారు అడిగినదానికి జవాబు. మాట్లాడేదాన్ని. అది మాట్లాడటమని మీరు అడిగేదాకా నాకు తెలీదు. మా అమ్మాయి ఫీజు కట్టడానికి గాజులు కుదువ పెట్టిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, స్వామికి తెలుసు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు మాల కట్టలేదు, మాట్లాడనూ లేదు. ఆ 11 రోజులూ పిచ్చిదానిలా తిరిగాను. ఇంటికొచ్చి మొదటి మాల కట్టిన రోజు, సగం మాలకే ఏడుపంతా అయిపోయి చేతులు స్థిమితపడ్డాయి. ఇన్ని రోజులూ కూడా నాలుగున్నరకే మెలకువ వస్తోంది. నందివర్ధనాలు చెట్టు కింద తెల్లగా రాలి ఉంటున్నాయి. వాటిని చూడలేక అటు వెళ్లడం మానేశాను. నాకు పోయింది ఆ గంట అని ఇప్పుడు తెలుస్తోంది.

సుబ్బుగారూ, అడగడానికి వెళతాను. రేపు శనివారం.

సుబ్బు_బాపట్ల
వెళ్లండి. పూజారిగారిని ముందు కలవండి. కమిటీ దగ్గరికి తర్వాత.

నిజాంపేట_నాని
ఏమైందో రాయండి ఆంటీ, ఎదురుచూస్తుంటాం.

రాజమండ్రి_జాన్
మీకోసం ప్రార్థన చేస్తానమ్మా.

తులసికోట
వెళ్లాను. ఖాళీ చేతులతో వెళ్లబుద్ధి కాలేదు. మూరెడు తులసిమాల కట్టుకుని వెళ్లాను, తీసుకోకపోతే ఇంట్లో పటానికి వేసుకుందామని.

ఆరు కాలేదు ఇంకా. పూజారిగారు నన్ను చూసి చేతిలో పళ్లెం కింద పెట్టేశారు. "రాలేదేమ్మా ఇన్ని రోజులు?" అన్నారు. కమిటీ అబ్బాయి అన్న మాట ఆయనకి తెలియదు. నాకు ఇంట్లో ఏదో ఇబ్బందొచ్చి మానేశాననుకున్నారట. వ్యాన్ వచ్చేసరికి ఏడున్నర అవుతోంది. తొలి ఆరాధన ఆరింటికి. ఇన్ని రోజులూ ఆ గంటన్నర స్వామి మెడ బోసిగానే ఉంది. నాలుగు తులసిదళాలు పాదాల దగ్గర పెట్టి పూజ కానిస్తున్నారట. "నువ్వొస్తావని రోజూ వీధిగుమ్మం వైపు చూసేవాణ్ణి" అన్నారు.

నాకు మాట రాలేదు. మాల ఆయన చేతికిచ్చాను. వేశారు.

తర్వాత అధ్యక్షుల దగ్గరికి ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. గొడవేమీ జరగలేదు. ఆ అబ్బాయి నాకు కష్టం తప్పిద్దామనే అన్నాడు, ముఖం చూస్తే తెలిసింది. పాపం బాగా చిన్నబోయాడు. పొద్దుటి మాల నాది, ఏడున్నర తర్వాత వ్యాన్ మాలలు. జాన్ గారూ, దాతగారు కట్టించేవి నిజంగా బాగున్నాయి, దగ్గరికెళ్లి చూశాను. లిల్లీలు ఎంత తాజాగా ఉన్నాయో.

మా ఆయన చెయ్యి అలాగే ఉంది. అయినా రాత్రి ఎడంచేత్తో నార చీల్చి ఇచ్చారు.

పాలకొల్లు_శీను
అక్కా, ఇది చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు అలాగే కూర్చుండిపోయాం.

భద్రాద్రి_లక్ష్మి
"నువ్వొస్తావని చూసేవాణ్ణి" అన్నది పూజారిగారొక్కరేనా అక్కా! నాకైతే ఒళ్లు జలదరించింది.

మిరియాలగూడ_మాస్టారు
చాలా సంతోషం తల్లీ.

డల్లాస్_ప్రసాద్
ఈ శనివారం పులిహోర కలుపుతూ స్వామితో మాట్లాడటానికి ప్రయత్నించాను. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఏం చెప్పాలో తెలీక, ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

ఆకాశగంగ
అంతకంటే ఏం కావాలి ప్రసాద్ గారూ.

వరంగల్_రాధ
తులసికోట అక్కా, ఒక్కటి అడుగుత. నాకు మాల కట్టుడు రాదు. దారంతోని గుచ్చితే పూలు చినుగుతున్నయ్. అరటినార ఎండిపోతే పుటుక్కున తెగుతది. మీరెట్ల చేస్తరు? సోమవారం అమ్మ ఊడ్చిన గుడికి పోదామనుకుంటున్న. నూనె సీసా కడిగిన.

తులసికోట
గుచ్చకు రాధా, ముడి వెయ్యాలి. నారని ముందురోజు రాత్రే నీళ్లలో నానబెట్టు, పొద్దుటికి మెత్తగా అవుతుంది. కట్టేముందు గోటితో సన్నగా చీల్చుకో. రెండు పూలు అటు, రెండు ఇటు కాడలు ఎదురెదురుగా పెట్టి, నార చుట్టూ తిప్పి కింద నుంచి తీసి లాగు. మరీ గట్టిగా లాగితే కాడ తెగుతుంది. మొదటి మాల వంకరగానే వస్తుంది, విప్పకు, అలాగే పట్టుకెళ్లు. శివుడికైతే తుమ్మిపూలు దొరికితే చూడు, మీ వైపు చేలగట్ల మీద ఉంటాయి. కింద పడినవి వద్దు, వాసన చూడకు. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడ రాయి, నాలుగున్నర నుంచి మెలకువగానే ఉంటాను.